షడ్డకుడి జపాన్ బండి

మూసాపేటలో మా వీధి చివరింటి తిరుపతి గారికి నలభై ఆరేళ్ళు వచ్చేదాకా ఈ లోకంలో ఎవరి మీదా అసూయ లేదు. ఆయనకు ఆ అవసరం పడలేదు. మా కాలనీలో మొట్టమొదటి కారు ఆయనదే. ఎర్ర మారుతి. ఫ్యాక్టరీలో స్టోర్సు సూపర్‌వైజరు జీతానికి కారు కాస్త ఎక్కువే, కానీ ఆయన దాన్ని తన ఒక్కడి కోసం వాడుకున్న మనిషి కాదు. నొప్పులొచ్చిన ఆడవాళ్ళు, ముహూర్తం మించిపోతున్న పెళ్ళికొడుకులు, తేలు కుట్టినవాళ్ళు, హాల్ టికెట్ ఇంట్లో మరిచిపోయిన పదో తరగతి పిల్లలు, అందరూ ఆ వెనక సీట్లో కూర్చున్నవాళ్ళే. మా పెద్దమ్మాయి దవాఖాన దాకా ఆగకుండా తొందరపడి పుట్టింది కూడా ఆ సీట్లోనే. తిరుపతి గారు మూడు నెలల పాటు ఆ సంగతి కనపడిన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నారు, కన్నది తానే అయినట్టు.

అలాంటి ఉదారుడికి అసూయ పట్టుకుంది. చిన్నప్పుడు రావలసిన అమ్మవారు పెద్దయ్యాక పోస్తే ఎంత బాధపెడుతుందో, ఇదీ ఆయన్ని అంత బాధపెట్టింది.

కారణం ఆయన షడ్డకుడు, అంటే భార్య చెల్లెలి భర్త. పేరు లింగమూర్తి. కొండాపూర్‌లో సొంత ఇల్లు, యూనివర్సిటీలో గుమాస్తా ఉద్యోగం, గొంతు పెంచి మాట్లాడని స్వభావం. అతని దగ్గరా ఒక ఎర్ర మారుతి ఉంది. రెండు కార్లూ ఒకే రోజు బుక్ చేసినవి, ఎనభై అయిదులో ఒకే వారం ఇళ్ళకొచ్చినవి. అక్క భ్రమరాంబ గుమ్మం ముందు కారు నిలబడి, చెల్లెలు రోహిణి గుమ్మం ముందు నిలబడకపోతే ఆ ఇద్దరి పుట్టిల్లు ఏమై ఉండేదో ఆలోచించండి. తిరుపతి ఫ్యాక్టరీ సొసైటీలో అప్పు తీసుకున్నాడు. లింగమూర్తి గుట్టల పక్కన ఎందుకూ పనికిరాని రెండెకరాలు అమ్మాడు. ఆ రెండెకరాల్లో ఇప్పుడేం కడుతున్నారో చెప్పి మీ మనసు పాడుచెయ్యను.

కారు వచ్చిన రెండో రోజున లింగమూర్తి ముందుకు పోదామనుకుని గేరు వేశాడు. కారు వెనక్కి పోయింది. అత్తగారు చంద్రమ్మ వాకిట్లో ఎండబోసిన మిరపకాయల మీదుగా పోయి, గడ్డివామిలో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ వీధంతా దగ్గుతుంటే, అత్తగారు చీపురు పట్టుకుని ఒక్క మాటా అనకుండా మిరపకాయలు ఊడ్చుకుంది. ఆ మౌనం అతన్ని దెబ్బతీసింది. మళ్ళీ స్టీరింగు పట్టలేదు. కారు మీద గుడ్డ కప్పి రేకుల షెడ్డులో పెట్టేశాడు. వారానికోసారి గుడ్డ తీసి, ఇంజను ఆన్ చేసి, ట్రాన్సిస్టరు ఒళ్ళో పెట్టుకుని ప్రాంతీయ వార్తలు అయ్యేదాకా కూర్చుని, ఆపి దిగేవాడు. సీట్ల మీద కంపెనీ వేసి పంపిన ప్లాస్టిక్ కవర్లను రోహిణి తియ్యనివ్వలేదు. సీట్లు మాసిపోతాయట.

అయితే దసరాకు బండి పూజ తప్పదు కదా. పసుపు, కుంకుమ, పూలదండ, చక్రాల కింద నిమ్మకాయలు. నిమ్మకాయలు చితకాలంటే కారు కదలాలి. అందుకని ప్రతి దసరాకూ తిరుపతి మూసాపేట నుంచి వెళ్ళి, షడ్డకుడి కారెక్కి, నిమ్మకాయలు చితకతొక్కి, అందర్నీ జమ్మిచెట్టు దాకా తీసుకుపోయి తీసుకొచ్చేవాడు. ఆ కారు రోడ్డు చూసింది ఆయన చేతుల్లోనే, ఏడాదికోసారి.

"తమ్మీ, నీ బండికి పింఛను మంజూరైందా?" అనేవాడు దిగుతూ.

లింగమూర్తి నవ్వేవాడు. "నీ బండి డ్యూటీ చేస్తున్నది గద అన్నా. ఇంట్ల ఒకటి చేస్తే చాలు."

ఇలా పదమూడేళ్ళు గడిచాయి. హైటెక్ సిటీలో ఆ గుండ్రటి టవరు లేచింది. కొండాపూర్‌లో మేకల కొట్టాలున్నవాళ్ళు కూడా మేడ మీద గదులు వేసి కిరాయికిచ్చారు. లింగమూర్తి మేడ మీదికి ప్రశాంత్ అనే చిత్తూరు కుర్రాడు దిగాడు. కంప్యూటర్ ఉద్యోగం. జీతం ఎంతో అడిగి లింగమూర్తి ఒక పూట అన్నం సరిగ్గా తినలేదని చెప్పుకుంటారు. ఆ కుర్రాడు ఒక ఆదివారం షెడ్డులో స్కూటరు పెట్టుకోవచ్చా అని అడగడానికి వచ్చి, కప్పిన గుడ్డ ఒక కొస ఎత్తి చూశాడు. తర్వాత స్కూటరు మాటే ఎత్తలేదు, కారు అమ్ముతారా అని అడిగాడు.

ఆ కబురు రోహిణి ఫోనులో అక్కకు చెప్పింది. అక్క తిరుపతికి చెప్పింది. మర్నాడు సాయంత్రం తిరుపతి, ఊరికే ఇటు వచ్చానంటూ కొండాపూర్‌లో తేలాడు. మూసాపేట నుంచి కొండాపూర్‌కి ఊరికే ఎవరూ రారు.

ప్రశాంత్ షెడ్డులోనే ఉన్నాడు. గుళ్ళో నిలబడ్డట్టు చెప్పులు బయట విడిచి నిలబడ్డాడు.

"మీరు నమ్మరు సార్," అన్నాడు. "ఇంగ్లండులో చిన్న కార్లుండాయి. చూసేదానికి మన మారుతి మాదిరే, వెనక తలుపు పైకి లేస్తాది. లోపల మాత్రం పందెం గుర్రాలు. అప్పుట్లో కొని, తిప్పకుండా షెడ్డులో పెట్టినోళ్ళు ఇప్పుడు రాజులు. ఏడాదికేడాది రేటు పెరగతానే ఉండాది."

"గిది గుర్రమెట్లయితది బాబూ?" అన్నాడు తిరుపతి.

"మనకుండే గుర్రం ఇదే సార్. మొదటి లాటు. సామానంతా జపాన్‌ది, బండి చానా తేలిక. బెంగుళూరులో, పూణేలో మా మాదిరి పిచ్చోళ్ళు కొందరుండారు. ఉన్న బండ్లన్నీ ర్యాలీలకు తోలి తోలి అరగదీసినారు. తిప్పని బండి కావాలంటే యాడుంది? పోయినేడు డెబ్భై వేలకొచ్చేది. ఈ యేడు పూణేలో ఒకటి రెండు లక్షలకు పోయింది. దానికి సీట్ల మీద కవర్లు గూడా లేవు. అంకుల్‌కు రెండున్నర ఇస్తానన్నా."

షోరూములో కొత్త మారుతి అంతకంటే తక్కువకే వస్తుంది. తిరుపతి గొంతు సవరించుకున్నాడు. తన కారు గేటు బయటే నిలబడి ఉంది, ఇంజను ఇంకా వేడిగా టిక్కుటిక్కుమంటూ.

"నాది గూడ గదే లాటు. గదే వారం."

ప్రశాంత్ మర్యాదస్తుడు. బయటికొచ్చి చుట్టూ తిరిగి చూశాడు. తలుపు తీసి వేశాడు. అది రెండోసారికి గానీ పడలేదు. "మీ చేతిలో చానా కష్టపడింది సార్," అన్నాడు. "ఒక ముప్పై వేలు వస్తాది."

అప్పటిదాకా పక్కనే నిలబడి వింటున్న లింగమూర్తి టీ తెస్తానని లోపలికి వెళ్ళాడు. ప్రశాంత్ చెప్పులేసుకుంటూ తిరుపతికి ఒక పని అప్పజెప్పాడు. "అంకుల్‌కు బండ్ల సంగతి తెలీదు. మీరే చెప్పండి సార్. ఆదివారం మా అమ్మను పిలుచుకొని వస్తా. అంతవరకు దేన్నీ ముట్టొద్దు. పాలిష్ వద్దు, రంగు వద్దు, ఒక బోల్టు గూడా మార్చొద్దు. ఎట్లుండాదో అట్లే కావాల."

"చెప్త," అన్నాడు తిరుపతి.

టీ వచ్చింది. తాగాడు. చెప్పలేదు.

ఇంటికొచ్చాక భ్రమరాంబ ఊరుకుంటుందా? "ఊరోళ్ళనందర్నీ ఎక్కించుకొని తిప్పి తిప్పి అరగదీసిండ్రు. నా మరిది ముట్టలే, బంగారమైంది," అంది అన్నం వడ్డిస్తూ. "రేపు రోహిణి ఆ పైసలతోటి గాజులు చేయించుకొని నాకు చూపిస్తది. చూడనీకి నేను పోవాలె."

"ఆయనకు తోలరాక పెట్టిండే."

"తోలరానోనికి రెండున్నర. తోలొచ్చినోనికి ముప్పై. గదే అంటున్న."

ఆ వారమంతా తిరుపతి మనిషి మనిషిలో లేడని మా వీధికంతా తెలిసింది. కారెక్కితే ఆయన కళ్ళు రోడ్డు మీద ఉండేవి కావు, కిలోమీటర్ల మీటరు మీద ఉండేవి. అది తిరుగుతున్న కొద్దీ ఆయన ముఖం మాడేది. మా ఎదురింటావిడ బస్టాండు దాకా దింపమంటే పెట్రోలు లేదన్నాడు. పదమూడేళ్ళలో ఆ మాట వినడం అదే మొదలు. ఆవిడ బాధపడలేదు, భయపడింది.

శుక్రవారం లింగమూర్తి ఫోన్ చేశాడు. "అన్నా, ఆదివారం వస్తరంట. కారు మీద దుమ్ము పట్టి ఎర్రదనం జర తగ్గినట్టనిపిస్తున్నది. అమ్మేటప్పుడు రంగు వేపిస్తే మంచిదేనా? నాకేం తెల్వది, నువ్వు చెప్పినట్ల చేస్త."

ఎద్దును సంతకు తోలేముందు కొమ్ములకు రంగు పూసే మనుషులం మనం. పిల్లను చూడ్డానికి వస్తున్నారంటే గోడలకు సున్నం వేస్తాం. లింగమూర్తికి ఆ ఆలోచన రావడంలో తప్పేమీ లేదు. వద్దని చెప్పవలసిన మనిషి ఫోను రెండో చివర ఉన్నాడు.

"వేపియ్యి," అన్నాడు తిరుపతి. "పెండ్లికొడుకు లెక్క ఉండాలె. నేనే తీస్కపోత, మా తిమ్మప్ప దగ్గరికి."

ఈ మాట అన్నాక తన చెవులు తనకే వేడెక్కాయని ఆయనే నాకు తర్వాత చెప్పాడు. అయినా శనివారం పొద్దున్నే వెళ్ళి తాళం తీసుకున్నాడు. లింగమూర్తి గేటు దాకా వచ్చి, "నీకు శ్రమైతున్నది అన్నా," అన్నాడు. రోహిణి టిఫిన్ డబ్బాలో సర్వపిండి పెట్టి పక్క సీటులో ఉంచింది.

ఆ ప్రయాణం గురించి చెప్పేటప్పుడు తిరుపతి గొంతు తగ్గుతుంది. దసరాకు జమ్మిచెట్టు దాకా నిమ్మళంగా తోలడం వేరు, ఖాళీ రోడ్డు మీద వదలడం వేరు. కూకట్‌పల్లి వైపు దారిలో కాలు కాస్త నొక్కాడు. కారు కేకెయ్యలేదు, ఊగలేదు, ఎక్కడా గలగలలాడలేదు. లేచి పోయింది. ఎనభై అయిదులో తన కారూ ఇలాగే పోయేది. తలుపు ఒక్కసారికే పడేది. గేరు వెన్నలో వేలు పెట్టినట్టు పడుతోంది. తన గేరు కొన్నేళ్ళుగా బతిమాలితే గానీ పడదు. సంతోషించాడా అంటే లేదు. ఇంత మంచి కారు, ఇంత చేతకానివాడికి. కడుపు ఇంకా మండింది. ఆ మంటతోనే వెళ్ళి తిమ్మప్ప షెడ్డు ముందు బ్రేకు వేశాడు.

తిమ్మప్ప మా మూసాపేటలో కార్లకు సొట్టలు తీసి రంగులు వేసేవాడు. కారు చూసి, "ఏంది సారూ, నీ బండికి నవయవ్వనమొచ్చింది," అన్నాడు.

"నాది కాదు. మొత్తం రుద్ది కొత్త రంగు కొట్టు. గదే ఎరుపు."

"దీనికి రంగెందుకు? నున్నగనే ఉంది గద."

"చెప్పిన పని చెయ్."

తిమ్మప్ప భుజాలు ఎగరేసి, బకెట్లో గరుకు కాగితం ముంచి, బానెట్ మధ్యలో రుద్దడం మొదలుపెట్టాడు. ఎర్రటి నీళ్ళు బంపరు మీదుగా కారాయి. తిరుపతి చూస్తూ నిలబడ్డాడు. రెండో చారిక కారేసరికి, "ఆగు," అన్నాడు.

దయ వల్ల ఆపాడా, భయం వల్ల ఆపాడా అని నేను అడిగాను. భయమే అన్నాడు. ఆ కుర్రాడు వచ్చి, "సార్, నేను చెప్పమన్నాను కదా," అంటే షడ్డకుడి ముందు, ఇద్దరు అక్కచెల్లెళ్ళ ముందు తన ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? కారున్న పెద్దమనిషి అని పదమూడేళ్ళు సంపాదించుకున్న పేరు, కుళ్ళుబోతు అనే ఒక్క మాటతో పోతుంది. ఆయన చెప్పింది అదీ. నేను సగం నమ్మాను.

కానీ అప్పటికే బానెట్ నడినెత్తిన అరచేయంత మేర నిగనిగ పోయి తెల్లబారింది.

"ఇంత రుద్దినంక మొత్తం కొట్టాలె సారూ. లేకుంటే అతుకు కనపడ్తది," అన్నాడు తిమ్మప్ప.

తిరుపతి కారెక్కాడు. పక్క వీధిలో పూజ సామాన్ల కొట్టు ఉంది. పసుపు కొన్నాడు, కుంకుమ కొన్నాడు. నీళ్ళతో ముద్ద చేసి, ఆ తెల్లటి మచ్చ మీద చపాతీ అంత పసుపు పూసి, మధ్యలో రూపాయంత కుంకుమ పెట్టాడు. మా వైపు కార్ల నుదుట అలాంటి బొట్టు లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. ఇంతకంటే పెద్ద గుట్టును కూడా అది కప్పగలదు.

కొండాపూర్‌లో లింగమూర్తి ఎదురొచ్చాడు. "రంగు?"

"అవసరం లేదన్నడు తిమ్మప్ప. ఊకనే రావుడెందుకని గుడికాడ పూజ చేపించిన. మంచిగ అమ్ముడువోవాలె గద. బొట్టు తుడవకుండ్రి."

లింగమూర్తి ఆ బొట్టు వైపు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మా అన్నదమ్ములు గూడ నాకోసం గింత చెయ్యలే అన్నా," అన్నాడు. రోహిణి, బావ భోంచేసి గానీ కదలడానికి వీల్లేదంది. నాటుకోడి కూర వండింది. ఆ కూర గొంతు దిగడానికి తాను తాగినన్ని నీళ్ళు జన్మలో తాగలేదని తిరుపతి చెప్పాడు.

ఆదివారం ప్రశాంత్ తల్లి రత్నమ్మను వెంటబెట్టుకుని దిగాడు. భ్రమరాంబ కూడా వచ్చింది, చూడకపోతే ఇంకా మండుతుందని. ప్రశాంత్ టార్చి వేసుకుని కారు కిందికి దూరాడు. టైర్ల మీద అక్షరాలు చదివాడు. సీట్ల ప్లాస్టిక్ మీద చేత్తో నిమిరాడు. తోలి చూపించమంటే ఆ ఇంటి తరఫున తోలేవాడు తిరుపతి ఒక్కడే. టవరు దాకా తీసుకెళ్ళి తెచ్చాడు. దారి పొడుగునా ఆ కుర్రాడు చిన్నపిల్లాడిలా నవ్వుతూ కూర్చున్నాడు. ఆ నవ్వు మీద కూడా తిరుపతికి అసూయ కలిగింది.

తిరిగొచ్చేసరికి రత్నమ్మ కారు ఎదుట నిలబడి చేతులు జోడించింది. "పూజ చేసి ఇస్తా ఉండారు, మంచి మనుషులు," అంది కొడుకుతో. తర్వాత దగ్గరికొచ్చి చూసి, "బొట్టు ఎండి పగిలిపోయిండాది. పాతది తుడిచి తాజాగా పెట్టి తీసుకుపోదాం. అమ్మాయ్, రవంత నీళ్ళు, పసుపు తీసుకురా," అంది రోహిణితో.

తిరుపతి ఒక అడుగు ముందుకు వేసి ఆగాడు. భక్తురాలైన ఆడమనిషిని బొట్టు పెట్టొద్దని ఎవడనగలడు? రత్నమ్మ పవిట కొంగు తడిపి, శ్రద్ధగా, గుండ్రంగా తుడిచింది. కొత్త బొట్టు కోసం వేలు పసుపులో ముంచి ఆగిపోయింది.

ప్రశాంత్ వంగి చూశాడు. వాడి ముఖంలో నవ్వు పోయింది. "ఇది ఎవరు రుద్దినారు?"

లింగమూర్తి కళ్ళజోడు సర్దుకుని బానెట్ మీదికి వంగాడు. ఆ మచ్చను చూశాడు. తలెత్తి షడ్డకుడి ముఖం చూశాడు. ఆ ముఖం ఎలా ఉందో భ్రమరాంబ నాకు చెప్పింది: దొంగతనం చేసినవాడి ముఖం నయం, కాస్త రంగైనా ఉంటుందట.

"నేనే బాబూ," అన్నాడు లింగమూర్తి. "దసరా పసుపు మరక పోతలేదని గిన్నెలు తోమే పీచుతోటి రుద్దిన."

"మీరెప్పుడు..." అని రోహిణి మొదలుపెట్టింది.

"నువ్వు జర ఊకో."

ప్రశాంత్ చాలాసేపు నుదురు రుద్దుకున్నాడు. "సారుకు చెప్పినా కదంకుల్, దేన్నీ ముట్టొద్దని."

"చెప్పిండు. నేనే ఇనలే."

చివరికి రెండు లక్షలకు ఒప్పుకున్నాడు ఆ కుర్రాడు, ఇంకా ఏడుపు ముఖంతోనే. రత్నమ్మ కొత్త బొట్టు పెట్టింది. నిమ్మకాయలు పెట్టారు. వాటిని తొక్కించింది ఈసారి ప్రశాంత్. కారు గేటు దాటి పోయింది.

షడ్డకుడికి యాభై వేలు తగ్గాయి. భ్రమరాంబ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. తిరుపతి నిద్రపోలేదు. అప్పటిదాకా షడ్డకుడి కారు మీద, డబ్బు మీద కుళ్ళుకున్నాడు. అవి కొలతకు అందే వస్తువులు. ఇప్పుడు ఆ మనిషి అంత తేలిగ్గా, దోసిట్లోంచి నీళ్ళు వదిలినట్టు, యాభై వేలూ వదిలి తన పరువు నిలబెట్టాడు. నేనైతే అలా చెయ్యగలనా అని మంచం మీద అటూ ఇటూ దొర్లాడు. చెయ్యలేనని తెలుస్తూనే ఉంది. ఈ కొత్త అసూయకు మందు లేదు. అసలు అతనికి సంగతి తెలుసా, లేక ఏదో సర్దిచెప్పాడా? అడిగే ధైర్యం లేదు.

మరుసటి ఆదివారం పొద్దున్నే లింగమూర్తి బస్సు దిగి మా వీధిలోకి వచ్చాడు. టక్ చేసుకున్నాడు, బూట్లు వేసుకున్నాడు.

"అన్నా, కొత్త బండి బుక్ చేస్తున్న. జర తోలుడు నేర్పియ్యి."

"డ్రైవింగ్ స్కూల్ల నేర్చుకోరాదు తమ్మీ?"

"వాళ్ళు తిడ్తరు. నువ్వు తిట్టవు గద."

ఏమంటాడు? ఆదివారం ఆదివారం టవరు ముందు వెడల్పాటి ఖాళీ రోడ్డు మీద ఆ ముసలి మారుతి పడిన పాట్లు చెప్పనలవి కాదు. గేర్లు రంపపు కోతలా అరిచేవి. ఎడమ సీట్లో తిరుపతి, కాలి కింద లేని బ్రేకు తొక్కుతూ, "పర్వాలేదు, మెల్లగ, పర్వాలేదు," అంటూ చెమటలు కక్కేవాడు. షడ్డకుడి కాళ్ళ కింద తన కారు ప్రాణం పోతుంటే ఒక్క మాట అనలేదు.

మూడో ఆదివారం లింగమూర్తి మలుపు దగ్గర కాస్త ఎక్కువ తిప్పాడు. రోడ్డు పక్కన పడేసిన బండరాయి ఎడమ మడ్‌గార్డును పొడుగునా ఒరుసుకుంది. కారు ఆగింది. ఇద్దరూ దిగారు. లింగమూర్తి గొంతుక్కూచుని ఆ గీత మీద ఈ చివర నుంచి ఆ చివరకు వేలితో రాశాడు.

"ఈసారి గీకింది మాత్రం నేనే అన్నా," అన్నాడు.

కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా అన్నాడు. వెక్కిరింపు లేదు, నిష్ఠూరం లేదు. తిరుపతి టవరు వైపు చూశాడు. దాని అద్దాల్లో ఎండ కళ్ళలో పడుతోంది. ఎడమ తలుపు తీసి కూర్చుని, రెండుసార్లు లాగి మూసుకున్నాడు.

"ఎక్కు," అన్నాడు. "క్లచ్చి పూర్తిగ తొక్కు. రివర్స్ అటు కాదు, ఇటు."